ఖాళీ సంచుల గోదాం

గోదావరిఖనిలో ఒక కాలేజీలో బీకాం పిల్లలకు ఆడిటింగ్ చెబుతాను. ఎక్కువమంది గని కార్మికుల పిల్లలే. సరుకు నిల్వను ఆడిటరు స్వయంగా చూసుకోవాలని ప్రతి ఏడూ చెబుతాను, వాళ్లు రాసుకుంటారు, పరీక్షలో మళ్లీ రాస్తారు. బస్సెక్కి ఇంటికి పోతున్నా అదే గుబులు: వీళ్లకు ఏమైనా అంటిందా?

ఒకరోజు పుస్తకాలు మూయించి తరగతిని సిమెంటు దుకాణం చేశాను. పిల్లల బ్యాగులను గోడ వారన పేర్పించాను. అవే బస్తాలు. అడుగు వరుసలో కొన్ని ఖాళీవి పెట్టమని గోదాం కాపలాదారు వేషం వేసిన అబ్బాయికి చెవిలో చెప్పాను. దుకాణం యజమానిని నేను. ఆడిటరుగా, అడిగితే తప్ప నోరు విప్పని ఒక అమ్మాయిని పిలిచాను.

ఆమె చున్నీ నడుముకు బిగించి, ఒక్కొక్క బ్యాగూ ఎత్తి చూసింది. అడుగున ఉన్నది దూదిలా పైకి లేచింది.

"మేడం, ఇందుల ఏం లేదు."

తరగతి గొల్లుమంది. నేను నవ్వలేదు. "సరుకు దారిల ఉన్నది బిడ్డా. రేపు బ్యాంకోళ్లు వస్తరు. గీ ఒక్కసారికి బస్తాలన్ని ఉన్నయని సంతకం పెట్టు."

"సరుకు వచ్చినంక పెడత."

"నా మీద నమ్మకం లేదా? బ్యాంకోళ్లు లోను ఇయ్యకుంటే నా దగ్గర పనిచేసేటోళ్లు ఏం తినాలె?"

ఆమె పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. అంతలో ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి కిటికీలు గలగలమన్నాయి. ఆమె పెన్ను బల్ల మీద పడేసి, బ్యాగు కూడా తీసుకోకుండా బయటికి వెళ్లిపోయింది.

మరునాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఫోను ఎత్తలేదు. స్టాఫ్‌రూంలో ఆమె బ్యాగు కనబడినప్పుడల్లా నాకు కూర్చోబుద్ధి కాలేదు. చివరికి ఆ బ్యాగు పట్టుకుని, షేర్ ఆటో ఎక్కి వాళ్ల క్వార్టరుకు వెళ్లాను.

"జెరమన్నది మేడం," అంది వాళ్లమ్మ. "జెరం లేదు, గిరం లేదు. ఒక్కతే కూసుంటది."

అమ్మాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"నా మీద కోపమా?"

"మీ మీద కాదు మేడం. మీరు ఇంకొక్క మాటంటే సంతకం పెట్టేదాన్నే. ఉత్త ఆటకే గిట్లయితే, రేపు నౌకరిల ఏం చేస్త?"

ఆడిటరు స్వతంత్రంగా ఉండాలన్న పాఠం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "నాకు సుత తెల్వదు. మల్ల ఆడి సూద్దాం," అన్నాను.

"అయితే ఈసారి ఓనర్‌ను నేను."

ఆ వారంలోనే ఆడాం, ఆడిటరును నేను. ఆమె నాకు కుర్చీ వేసింది, క్యాంటీన్ నుంచి చాయ్ తెప్పించింది. "ఎండల వచ్చిండ్రు, ముందుగాల తాగుండ్రి. అడుగు వరుస ఎత్తకుండ్రి మేడం, మీకసలే నడుము నొప్పి." సంతకం మాటే ఎత్తలేదు. కాగితం నా ముందుకు జరిపింది, అంతే. నవ్వుతూ పెన్ను తీశాను.

"పెట్టకుండ్రి మేడం! ఎత్తి సూడుండ్రి!" వెనక నుంచి తరగతి మొత్తం అరిచింది.

పెన్ను పక్కన పెట్టి, లేచి అడుగు వరుస ఎత్తాను. అన్నీ నిండుగానే ఉన్నాయి.

"దొంగ ఓనర్ అనుకున్నరా?" అందామె. "మంచోళ్ల బస్తాలు సుత సూడాలె గద."

ఇప్పుడా అమ్మాయి కరీంనగర్‌లో ఒక ఆడిటరు దగ్గర పని నేర్చుకుంటోంది. మొన్న ఫోను చేసింది.

"సరుకు సూడవోతే ఒక ఓనర్ బాగ బతిమిలాడిండు మేడం. నేను చూసింది చూసినట్టే మా సారుకు చెప్పిన. కాని భయమైతాంది. ఆనాడు మీ ఎనక క్లాసంత ఒర్రింది. ఈడ నా ఎనక ఎవ్వరు లేరు."

"గసొంటప్పుడు నాకు ఫోన్ చెయ్యి."

"ఓనర్ ముంగట ఎట్ల చేస్త మేడం?"

ఈ ఏటి పిల్లలతో ఆట మార్చాను. ఓనరును, ఆడిటరును మాత్రమే గదిలో ఉంచి, తక్కినవాళ్లను వరండాలోకి పంపి తలుపు వేయించాను. లోపల ఏం జరుగుతోందో తెలియక, తలుపు ఇవతల నేను అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.