హెల్మి హస్తవాసి

శనివారం ఉదయం పది ఇరవైకి విజయవాడ బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాం, హెల్మీ నేనూ. నా చేతిలో ఆధార్ కార్డు, పులిహోర డబ్బా, చిన్న పంచపాత్ర. హెల్మి వీపున తనంత సంచీ. డ్రైవరు వెనక రెండో సీటు దొరికింది. ఆ మాత్రం దానికే మనసులో స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

హెల్మి ఫిన్లాండు అమ్మాయి. ఇరవై ఒక్కేళ్ళు. వాళ్ళ దేశంలో సోషల్ వర్క్ డిగ్రీ మూడో ఏడు చదువుతూ, ఒక సెమిస్టరు కోసం మా ఊరి కాలేజీకి వచ్చింది. సత్యనారాయణపురంలో మా మేడమీద గదిలో ఉంటూ నన్ను పిన్నీ అంటుంది. ఇంత దూరం రావడానికి రెండు వేసవులు ఒక ఆసుపత్రి వంటగదిలో గిన్నెలు కడిగిందట. కాలేజీవాళ్ళు ఆమెకు అప్పగించిన పని ఒక్కటే. సముద్రం పక్కన పల్లెపాలెంలో చేపలమ్మే ఆడవాళ్ళతో ఒక సమావేశం జరపాలి. తమకేం కావాలో వాళ్ళే మాట్లాడుకుని, వాళ్ళే ఒక నిర్ణయానికి రావాలి. దాని మీద నివేదిక సోమవారం ఇవ్వాలి.

అంతకుముందు రెండు ఆదివారాలు కాలేజీ జీపులో ఒంటరిగా వెళ్ళింది. రెండుసార్లూ ఒక్కరూ నోరు విప్పలేదు. రెండోసారైతే దారిలో మనిషే కనబడలేదట. మూడోసారి కూడా ఇలాగే అయితే సెమిస్టరు లెక్కలోకి రాదు. ఉత్త చేతులతో ఇంటికెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి. గురువారం సాయంత్రం మెట్ల మీద కూచుని ఆ సంగతి చెబుతూ ఏడ్చింది. "ఈసారి నేనొస్తాను" అన్నాను.

అనడమైతే అన్నాను గానీ, నేను కాలేజీ మెట్లెక్కినదాన్ని కాదు. చిన్నప్పుడు గుండె జబ్బు చేస్తే బడికి పంపలేదు. నాన్నగారే ఇంట్లో తెలుగూ ఇంగ్లీషూ లెక్కలూ చెప్పారు. ఆయన పెట్టిన అక్షరాల పుణ్యాన ఈ పిల్ల ప్రశ్నల కాగితాన్ని నేనే తెలుగు చేశాను, పలకడం నేనే నేర్పాను. ఆ పని నా చేతికి వచ్చినందుకు ఎంత పొంగిపోయానో!

కండక్టరు వచ్చి "ఎక్కడికమ్మా?" అన్నాడు. చల్లపల్లి అన్నాను. ఆధార్ చూసి నాకు డబ్బుల్లేని టికెట్ కొట్టాడు, హెల్మికి డబ్బుల టికెట్. "ఈమెగారికి కూడా కార్డుంటే బాగుండేదండీ" అని తనే నొచ్చుకున్నాడు. కంకిపాడు దాటాక రెండు పక్కలా వరిచేలు. ఉయ్యూరులో చెరకు లారీ అడ్డమొచ్చి పావుగంట ఆగాం. చల్లపల్లిలో దిగేసరికి ఒంటిగంట. బస్టాండు పక్క హోటల్లో మజ్జిగ మాత్రం కొనుక్కుని పులిహోర తిన్నాం. వెళ్ళదలచినవాళ్ళకి ఒక మాట: పల్లెపాలెం వైపు ఒంటిగంటన్నరకి ఒక బస్సుంది. అది తప్పితే ఆటోలే గతి.

ఆ బస్సులోనే నాంచారమ్మ ఎక్కింది. అరవై దగ్గర పడిన మనిషి, ఖాళీ గంప, నెత్తిన ఇంకా తియ్యని చుట్టకుదురు. చేపలమ్ముకుని ఇంటికెళుతోంది. నా పక్కన కూచోబోయి, కిటికీ దగ్గరున్న హెల్మిని చూసి, ముఖం తిప్పుకుని వెనక సీటుకు పోయింది.

నేను వెనక్కి తిరిగి అడిగాను. "ఏమ్మా, ఈ పిల్ల నీకు తెలుసా?"

"తెలియకేం? ఈ అమ్మాయి దెబ్బకి ఆదివారం బేరం పోయిందండీ మాకు."

"అయ్యో, ఏం చేసింది?"

"తెల్లారగట్ట గంపలు నెత్తినెట్టుకుని రోడ్డెక్కుతున్నామా, ఎదురొచ్చి నవ్వుకుంటా 'ఎక్కడికి వెళ్తున్నారండీ' అంటది. పోనీ ఒకళ్ళనా? వరసబెట్టి ఇరవైరెండు మందినీ అడిగింది! అందరం గంపలు దించి, వెనక్కెళ్ళి, గడప లోపల కూచుని మంచినీళ్ళు తాగొచ్చాం. ఈలోపు ఆటో వెళ్ళిపోయింది. ఎండకి కవళ్ళ చేపలన్నీ మెత్తబడిపోయినయ్."

"మరి రెండో ఆదివారం?"

"జీపు కనబడగానే రొయ్యల చెరువు గట్టెక్కి చుట్టూ తిరిగిపోయాం."

ఆ ప్రశ్న నాది. కాగితంలో మొదటి ప్రశ్న అదే, 'పనికి ఎక్కడికి వెళతారు' అని. మా ఇంట్లో ఎవరైనా చెప్పులేసుకుంటే "దూరమా?" అంటామే గానీ ఆ మాట పొరపాటున కూడా అనం. మా అన్నయ్యని ఒకసారి ఎవరో అలా అడిగితే అమ్మ అతన్ని కూచోబెట్టి నీళ్ళు తాగించిగానీ పంపలేదు. ఇంత తెలిసినదాన్ని, బల్ల ముందు కూచుని కలం పట్టేసరికి అంతా మరిచిపోయాను. బయల్దేరే మనిషి ముఖం కాగితం మీద కనబడలేదు నాకు.

హెల్మికి అంతా ఇంగ్లీషులో చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆమె తెలుగులోనే అడిగింది. "పిన్నీ, కండక్టర్ గారు అందరినీ అడుగుతారు కదా?"

వెనక నుంచి నాంచారమ్మ అందుకుంది. "కండక్టరు అడిగేటప్పటికి ఇల్లు దాటేసి ఉంటాం కదమ్మా!" బస్సులో నలుగురూ నవ్వారు. హెల్మి నవ్వలేదు. లేచి కడ్డీ పట్టుకుని నిలబడి, "క్షమించండి, అమ్మమ్మగారూ. మీ చేపలు పాడైనాయి" అంది. నాంచారమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే, "పేరేంటంట?" అని నన్నడిగింది. చెప్పాను. వాళ్ళ భాషలో ముత్యమని అర్థమనీ చెప్పాను. "ముత్యాలమ్మా?" అని కళ్ళు పెద్దవి చేసింది. ఊరి అమ్మవారి పేరది.

మూడింటికి దిగాం. ఆ రాత్రి నాంచారమ్మ ఇంట్లోనే ఉండమంది. నేను చేపలు తిననంటే టమాటా పప్పు వండింది. హెల్మి మాత్రం చేపల పులుసు చెమటలు కక్కుతూ తిని, మళ్ళీ వేయించుకుంది. అన్నాలయ్యాక తన నోట్‌బుక్ తీసి, "బయల్దేరేవాళ్ళతో మంచి మాట ఏం చెప్పాలి?" అని అడిగింది.

"క్షేమంగా వెళ్ళి లాభంగా రండి అనాలి. కానీ అది పెద్దవాళ్ళ నోటి మాట. నువ్వు చిన్నదానివి, నీ నోట బాగుండదు" అంది నాంచారమ్మ.

"అయితే నేనేం చెయ్యాలి?"

"ఏం చెయ్యొద్దు. నోరు మూసుకుని నిలబడు చాలు."

హెల్మి ఆ మాట కూడా రాసుకుంది. పొద్దున్న ఏమవుతుందో తెలియక నేను నాన్నగారు నేర్పిన శ్లోకం చదువుకుంటూ పడుకున్నాను.

ఆదివారం నాలుగున్నరకి లేచాం. ఐదుంపావుకి రోడ్డు మొదట్లో నిలబడ్డాం. ఐసు కలిపిన గంపలు వరసగా నేల మీద ఉన్నాయి. మమ్మల్ని చూడగానే ఆడవాళ్ళు ఆగిపోయారు. ఇద్దరు చెరువు గట్టు వైపు తిరిగారు కూడా. హెల్మి పెదాలు బిగించుకుని నిలబడింది.

అప్పుడు నాంచారమ్మ తన గంప దగ్గర వంగి, నడుం పట్టుకుని, ఎవరినీ ఉద్దేశించనట్టు అంది. "ఎవరన్నా ఓ చెయ్యెయ్యండే, లేవట్లా."

నిండు గంప ఒంటరిగా నెత్తికెత్తుకోవడం కుదరదు. రెండో మనిషి చెయ్యి వెయ్యాల్సిందే. హెల్మి రెండంగల్లో వెళ్ళి, గంప అంచు పట్టి ఎత్తింది. చేపల నీళ్ళు మోచేతుల దాకా కారాయి. గంప చుట్టకుదురు మీద కుదురుకుంది. నాంచారమ్మ అడుగు వేసేముందు నేను ముందుకొచ్చి అన్నాను. "క్షేమంగా వెళ్ళి లాభంగా రామ్మా."

"అట్టా అన్నారు బావుంది!" అని నవ్వి కదిలింది.

ఆ తర్వాత గట్టెక్కినవాళ్ళు దిగొచ్చారు. "ఇటో చెయ్యెయ్యి పిల్లా." "ఏయ్ ముత్యాలమ్మా, నాది బరువు, చూసి ఎత్తు." ఇరవైరెండు గంపలు ఎత్తింది హెల్మి. ఇరవైరెండుసార్లు అదే మాట నేనన్నాను. ప్రతిసారీ నిజంగా కోరుకునే అన్నాను. ట్రాలీ ఆటో ఈసారి కూడా ఆరుగుర్ని వదిలేసి వెళ్ళిపోయింది. వాళ్ళు అరగంట రోడ్డు పక్కన కూచుని రెండో ఆటో ఎక్కారు. హెల్మి అది చూసింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకే నాంచారమ్మ తిరిగొచ్చింది, రోజూ కంటే రెండున్నర గంటల ముందు. గంప బోర్లించి మా ముందు పెట్టి, "చూడండి, ఒక్క పొలుసు మిగల్లా! పదకొండింటికల్లా అయిపోయింది. ఈ పిల్ల హస్తవాసి మంచిది" అంది. ఆదివారం కదా, అందరూ కొంటారు అని నేను లోపల అనుకున్నాను. కానీ పోయిన రెండు ఆదివారాలు కూడా ఆదివారాలే. అందుకని దేవుడి దయనే తల్చుకుని ఊరుకున్నాను.

హస్తవాసి కబురు మా కంటే ముందు పాలెమంతా తిరిగింది. తక్కినవాళ్ళూ తొందరగానే అమ్ముకొచ్చారు. రెండింటికి పిలవకుండానే అందరూ వచ్చి తుఫాను షెల్టరు వరండాలో కూచున్నారు. హెల్మి కాగితం తియ్యలేదు. అందరూ మంచినీళ్ళు తాగాక, గంపలు వెళ్ళాక నాతో కూచుని కొత్తగా నేర్చుకున్న ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "పొద్దున్న మీ గంప ఎత్తాక, అది అమ్ముడయ్యేలోపు మీకు కష్టం ఎక్కడ?"

అంతే. ఇక నలభై నిమిషాలు ఆమె నోరు విప్పలేదు. విప్పే సందు దొరకలేదు. కష్టం ఆటో దగ్గరేనని అందరిదీ ఒకటే మాట. నిండగానే పోతుంది, మిగిలినవాళ్ళ చేపలు ఎండకి పోతాయి. అయితే రెండు ఆటోలు మనమే నెలకి మాట్లాడుకుందాం అని నాంచారమ్మ అంటే, లక్ష్మి అనే పడుచు లేచింది.

"ఆఖరి గంప ఎక్కేదాకా ఆగాలంటే నీకోసం రోజూ కూచోవాలత్తా! ఎప్పుడూ నీదే ఆలస్యం."

"నువ్వు జడేసుకునేలోపు నేను చల్లపల్లి చుట్టొస్తానే!"

నవ్వులు, కేకలు, మళ్ళీ నవ్వులు. చివరికి వాళ్ళే తేల్చారు. రెండు ఆటోలు. ఆఖరి గంప ఎక్కేదాకా ఏదీ కదలకూడదు. అది చూసుకోవడం లక్ష్మి పని. డబ్బు సంగతీ వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు. నేను రాస్తూ పోయాను. సంతకాలు చేసేవాళ్ళు చేశారు, మిగిలినవాళ్ళు వేలిముద్ర వేశారు. నాంచారమ్మ తన పేరు మూడక్షరాలు రాసి ఆగిపోతే, హెల్మి పక్కన కూచుంది. చెయ్యి పట్టుకుని రాయించలేదు. పూర్తయ్యేదాకా ఊరికే కూచుంది. నాలుగో అక్షరం కాస్త వంకరగా వచ్చింది, కానీ వచ్చింది. మా నాన్నగారు నా పక్కన సరిగ్గా అలాగే కూచునేవారు.

నాలుగింటి బస్సుకి పాలెం సగం రోడ్డు మీదికొచ్చింది. చల్లపల్లిలో ఫోనుకి సిగ్నల్ రాగానే హెల్మి ఆ కాగితాన్ని ఫోటో తీసి వాళ్ళ లెక్చరరుగారికి పంపింది. విజయవాడ బస్సు ఎక్కేలోపే జవాబు వచ్చింది. నాకు చూపించకుండా పైకి చదివింది. "ఫీల్డ్‌వర్క్ పూర్తయినట్టే. బుధవారం క్లాసుకి దీని గురించి నువ్వే పాఠం చెప్పాలి. అనువాదం చేసినావిడని కూడా తీసుకురా." చదివి నన్ను వాటేసుకుంది. బస్టాండులో అందరూ చూశారు. చూడనీ అనుకున్నాను. యాభై నాలుగేళ్ళకి నేను కాలేజీ మెట్లెక్కబోతున్నాను.

బస్సు కదిలాక కండక్టరు వచ్చాడు. "ఎక్కడికమ్మా?"

హెల్మి జవాబివ్వకుండా సీసా మూత తీసి, కుదురుగా రెండు గుక్కలు తాగి, అప్పుడు చెప్పింది. "విజయవాడ. తర్వాత ఫిన్లాండ్."

"అంత దూరం మన బస్సు పోదమ్మా. విజయవాడ దాకా ఇస్తా" అన్నాడాయన టికెట్ కొడుతూ.

విజయవాడ చేరేసరికి ఎనిమిదిన్నర. రెండు రోజుల్లో మహా అయితే రెండు వందల కిలోమీటర్లు తిరిగాం. నా జన్మలో ఇంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదనిపించింది. ప్లాట్‌ఫారం మీద బంతిపూల గంప ముందు ఒకామె వంగి నిలబడి, వచ్చేపోయేవాళ్ళ వంక చూస్తోంది. హెల్మి సంచీ నా చేతికిచ్చి వెళ్ళి గంపకి చెయ్యి వేసింది. ఏమీ అడగలేదు. గంప నెత్తికెక్కింది. అడగాల్సిన మాట కాదు, అనాల్సిన మాట నేను అన్నాను.

"క్షేమంగా వెళ్ళి లాభంగా రామ్మా."