క్యాలెండరుకు వేలాడిన దారం

నాకు చిన్నప్పటినుంచీ మొండితనం ఎక్కువ, ఓపిక తక్కువ. ఈ రెండూ ఒక్క మనిషిలో చేరితే ఆ ఇంట్లో ఏ పనీ పూర్తికాదు. డెబ్బైల చివర్లో ధర్మవరంలోని మా అత్తగారింట్లో అంతా అలాగే ఉండేది. కొడుకు కడుపులో ఉండగా మొదలుపెట్టిన స్వెట్టరుకు ఒక చెయ్యే వచ్చింది. వంటింటి గోడకు ఎర్రమన్ను పూయబోయి, చెయ్యి అందినంత మేర పూసి పైన వదిలేశాను. నా మొగుడు మగ్గం గుంతలో కూర్చుని ఆ గోడ చూపించి, "మా ఇంటిదానిది ఆరంభశూరత్వమప్పా" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

అందుకే బొంత దగ్గర పంతం పట్టాను. పురిటికి పోయి ఐదోనెల బిడ్డతో తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మ తన పాత నూలు చీరలు మూడు మూటకట్టి ఇచ్చింది. వాటిని పొరలుగా పరిచి నా బిడ్డకు నేనే బొంత కుడతానని అందరి ముందూ చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది.

మా అత్త బొంతలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ముందు నాలుగు అంచులూ బిగించి, అక్కణ్ణుంచి చుట్టూ వరసలు కుట్టుకుంటూ లోపలికి పోవాలని ఆమే నేర్పింది. నడిమధ్యకు చేరితే బొంత ముగిసినట్టు. మొదటి రోజు పక్కన కూర్చుని, "ఈ ఇంట్లో పుట్టిన బిడ్డలంతా నేను కుట్టిన బొంతలోనే పండుకున్న్యారు పాపా. వీనికి గూడా నేనే కుడతా, ఇట్లియ్యి" అంది.

"నా బిడ్డకు నేను కుట్టుకుంటాలే అత్తా" అన్నాను. గొప్పలు చెప్పుకుంటోంది అనుకున్నాను.

పంతమైతే పట్టాను గానీ, పిల్లవాడు పట్టనివ్వాలి కదా. వాణ్ణి నిద్రపుచ్చి సూది అందుకుంటే, బోరింగుకు నీళ్లొచ్చాయని వీధిలో కేక. వానల్లేని ఏడు. బిందె వరసలో పెట్టి ఎండలో నిలబడి, నా వంతు వచ్చి, ఇంటికొచ్చేసరికి వాడు లేచి ఏడుస్తూ ఉండేవాడు. పాలిస్తే సాయంత్రం. దీపం పెట్టాక సూది పట్టకూడదు. పిల్లి తన పిల్లల్ని తిప్పినట్టు ఆ బొంతను పడసాల నుంచి వంటింటికి, వంటింటి నుంచి పెరట్లోకి తిప్పాను. వారానికి రెండు వరసలు నడిస్తే గొప్ప.

వాడు పాకడం మొదలుపెట్టాక ఇంకో భయం, సూది ఎక్కడ మింగుతాడోనని. ఇంట్లో బొంత సూది ఒక్కటే. పని ఆపినప్పుడల్లా దాన్ని గోడ మీది క్యాలెండరు అట్టకు గుచ్చేదాన్ని.

అప్పుడు మొదలైంది. రోజూ పొద్దున లేచి చూస్తే ఆ సూదికి కొత్త దారం ఎక్కించి ఉండేది. మూరెడు తెల్ల దారం క్యాలెండరు మీద తేదీల పక్కన వేలాడుతూ ఉండేది. ఎక్కించింది అత్తే. నేను నిన్న కుట్టలేదని, మొన్నా కుట్టలేదని, రోజులెన్ని పోయాయో చూడమని గుచ్చి చెబుతోందనుకున్నాను. నోటితో అనే సూటిపోటి మాటలైతే తిప్పి ఒకటి అనొచ్చు. దారాన్ని ఏమంటాం? పంతానికి దాన్ని పీకి, మళ్లీ నేనే ఎక్కించుకుని కుట్టేదాన్ని. ఆమె మగ్గం పక్కన రాట్నం ముందు కూర్చుని అది చూస్తూనే ఉండేది. చూస్తోందనే అనుకున్నాను.

వాడికి ఏడాది నిండాక ఇంకోసారి అడిగింది. "నాకియ్యి పాపా, నాలుగు దినాల్లో ముగిస్తా. ఇప్పుడైతే కుట్టగలను."

"నాకు చేతకాదని అందరికీ తెలియాలా అత్తా?" అన్నాను. ఆమె లేచి రాట్నం దగ్గరికి పోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒకరోజు సూదికి దారం లేదు. మర్నాడూ లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషపడ్డాను. ముసలామె నా జోలికి రావడం మానుకుందని, గెలిచానని అనుకున్నాను.

పది రోజులు గడిచాక రాట్నం దగ్గర పట్టుదారం తెగింది. అత్త కొసల కోసం నేల తడుముతోంది. కొస ఆమె మోకాలి పక్కనే ఉంది. మగ్గం మీదినుంచి నా మొగుడు, "ఈడే ఉండాది కదమ్మా, కనపడల్యా?" అన్నాడు.

"కనపడల్యా నాయనా" అంది నిమ్మళంగా. "దినామూ పొద్దున్నే పాప సూదికి దారం ఎక్కిస్తాంటి, కండ్లు యాడికొచ్చినాయో చూసుకునేదానికి. పది దినాలాయె, బెజ్జం దొరకల్యా."

నేను వంటింటి గడప దగ్గర నిలబడి విన్నాను. చేతిలో చెంబు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తు లేదు.

అనంతపురం తీసుకుపోయాం. కంటికి పొరైతే తీసేవాణ్ణని, లోపలి నరమే ఎండిపోయిందని డాక్టరు చెప్పాడు. బస్సులో వచ్చేటప్పుడు ఆమె నా కొడుకు మొహాన్ని వేళ్లతో తడుముతూ కూర్చుంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున బొంత తెచ్చి ఆమె ఒళ్లో పరిచాను. అంచుల నుంచి నేను వేసిన వరసలు పోగా, నడిమధ్య జానెడు చోటు మిగిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. సూదికి దారం ఎక్కించి, అలవాటు కొద్దీ ఆమె ముందు నేల మీద పెట్టాను. సూది చేతి నుంచి చేతికి ఇస్తే ఇద్దరికీ పోట్లాట వస్తుందని మా దగ్గర ఎవరూ అలా ఇవ్వరు. ఆమె నేలంతా తడిమింది, దొరకలేదు.

సూది తీసి ఆమె వేళ్ల మధ్య పెట్టాను.

"చేతికిస్తాండావే పాపా, పోట్లాట వస్తాది."

"మన పోట్లాట అయిపోయిందిలే అత్తా" అన్నాను.

ఆమె నవ్వింది. ఎడమ చేత్తో వరసను తడుముకుంటూ కుట్టింది. పది పదిహేను కుట్లు పడ్డాయో లేదో, వరస పక్కకు తిరిగి నా వరసల మీదికి ఎక్కి ఎటో పోయింది. రెండుసార్లు వేలు గుచ్చుకుంది. తర్వాత ఆపి, మొహం నా వైపు తిప్పి అడిగింది.

"నేరుగా ఉండాదా పాపా?"

"నేరుగానే ఉంది అత్తా."

"అట్లయితే కప్పు వానికి."

వాడు అప్పటికే నడుస్తున్నాడు. పడుకోబెట్టి కప్పితే కాళ్లు రెండూ బయటికి వచ్చాయి. ఆమె బొంత మీద చెయ్యి వేసి, అంచు వెతుక్కుంటూ కిందికి జరిపింది. వాడి పాదాలు చేతికి తగిలేసరికి అక్కడే పట్టుకుని కాసేపు వదల్లేదు.