మా ఒదిన బాప్తిస్మం ఆపింది నేనే

ఒరే అబ్బయ్యా, నీ జాబు అందింది. కోలారులో మీ సంఘంవాళ్ళు ఒకామెకి రొట్టె ఇవ్వకుండా ప్రభువు బల్లకి దూరం పెట్టినారని, నువ్వు కూడా అందుకు చెయ్యెత్తినావని రాసినావు. నువ్వు తప్పు చేసినావని నేను అనను. ఆ మనిషిని నేను చూసినానా ఏంది? కానీ నువ్వు రాసిన తీరులో ఒక సంతోషం ఉండాది చూడు, ఆ సంతోషం నాకు తెలుసు నాయనా. ఎట్టా తెలుసో చెప్తాను, మీ చెల్లెలికి కూడా చదివి వినిపించు.

నేను ఉదయగిరి కొండ కింద పుట్టినదాన్ని. ఆత్మకూరు పక్క పల్లెకి కోడలుగా వచ్చినాను. మీ తాత మా పల్లె పిల్లకాయలకి అక్షరాలు నేర్పే పంతులు. ధాత ఏడు పెద్ద కరువొచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు కూడా లేవు. అప్పటికే మేమిద్దరం బాప్తిస్మం తీసుకోని ఉండాం.

ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినోళ్ళని సంఘం ముందర నిలబెట్టి మూడు సంగతులు అడిగేవాళ్ళు. ఆదివారం పని మానుకుంటావా, బొమ్మలకి మొక్కడం మానుకుంటావా, చచ్చిన గొడ్డు కూర మానుకుంటావా. రైతుల ఎద్దు చస్తే ఈడ్చుకుపోయేది మావాళ్ళే గదా, తరతరాలుగా ఆ కూర తిన్నోళ్ళమే. దాన్ని మానుకున్నామని తలెత్తుకుని తిరిగేవాళ్ళం. ఇవన్నీ అడిగినాక సంఘంవాళ్ళు చేతులెత్తితేనే నీళ్ళలోకి దించేవాళ్ళు.

మా ఇంటికి మూడిళ్ళ అవతల ఒదిన ఉండేది. మీ తాతకి అక్క వరస. మొగుడు కాలవ తవ్వే పనికి పోయి, అక్కడే వాంతులు బేదులు పట్టుకుని చచ్చిపోయినాడు. ఒక్క ఆడబిడ్డ. కరువు తగ్గి వానలు పడినాక, ఆమె బాప్తిస్మం కావాలని అడిగినాది. బిడ్డని పక్కన పెట్టుకుని సంఘంలో కూర్చోవాలని ఆమె ఆశ. నెల్లూరు నించి బాప్తిస్మమిచ్చే మిషను దొర బండిలో వచ్చినాడు. మూడు సంగతులూ అడిగినారు, మానుకుంటానన్నాది.

"ఈమె మీద ఎవురన్నా చెప్పేదుండాదా?" అన్నాడు సంఘపెద్ద.

నేను లేచినాను. "కరువులో ఈమె చచ్చిన గొడ్డు కూర వండతా ఉంటే నా కళ్ళతో చూసినాను. అప్పటికే వాక్యం వింటా ఉండేది" అన్నాను.

"నిజమేనా అమ్మా?"

"నిజమే అయ్యా. తిన్నాను, బిడ్డకి పెట్టినాను."

"తప్పని ఒప్పుకుంటావా?"

"బిడ్డ బతికుండాది గదయ్యా. దాన్ని తప్పని ఎట్టా అనేది?"

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఇంకా కొంత కాలం చూద్దామన్నారు. ఆమె బిడ్డ చెయ్యి పట్టుకుని పోయినాది. నేను ఇంటికొచ్చి, సంఘం పరువు కాపాడినానని మీ తాతకి కూడు వడ్డిస్తా గొప్పగా చెప్పుకున్నాను. ఆయన తింటా తింటా చెయ్యి ఆపినాడు.

"నువ్వు తినలేదు, సరే. మన కుండలో వరిగ గింజలు ఉండబట్టి తినలేదు. ఆమె చట్టి పట్టుకుని మన వాకిట్లోకి వచ్చినాదే, ఆ రోజు ఏం చెప్పినావు?"

లేదు ఒదినా అని చెప్పినాను. పొయ్యి మీద గంజి కుండ ఉంటే, దాని మీద చేట మూసి చెప్పినాను. నా చంకలో మీ నాయన ఉండినాడు. వాడికి రేపటికి కావాలనుకున్నాను. ఆమె ఆ చేట వంక చూసి, ఖాళీ చట్టితో వెనక్కి పోయినాది. ఆ మరుసటి రోజే నేను ఆమె పొయ్యి మీద ఆ కూర చూసింది.

మూడు దినాలు నాకు కూడు దిగలేదు. ఆదివారం సంఘంలో లేచి, ఏడ్చి ఏడ్చి అంతా చెప్పినాను. పెద్దోళ్ళు "ఎంత దీనమైన మనసమ్మా నీది" అన్నారు. ఆడోళ్ళు కొంగులతో నా ముఖం తుడిచినారు. నిజం చెప్తాను, నాకు అది తియ్యగా ఉండింది.

బయటికొస్తే ఒదిన గోడ పక్కన కూర్చోని ఉండాది. ఆమెని వద్దన్నారని లోపలికి రాకుండా అక్కడే కూర్చుని వాక్యం విన్నాది.

"బాగా ఏడ్చినావు మరదలా," అన్నాది. "గంజి లేకుండా పోయింది నాకు, ఓదార్పు దక్కింది నీకు. గోడ పక్కన ఒకతి ఉండాది, దాన్ని లోపలికి పిలవండని ఒక్క మాటన్నా అన్నావా?"

అనలేదు. ఆ పూటంతా నేను నా గురించే చెప్పుకున్నాను. పాపం ఒప్పుకునే కాడ కూడా ముందు వరస నాకే కావాల్సొచ్చినాది.

అప్పుడు ఇల్లిల్లూ తిరిగినాను. "తినలేదని ఒక్క అబద్ధం చెప్పుంటే తప్పించుకోనుండును, ఆమె నిజం చెప్పినాది. ఆమెని ఇంకోసారి నిలబెట్టండి" అని అడిగినాను. ఈ తూరి ఎవురూ నా ముఖం తుడవలేదు.

"మొన్న వద్దన్నదీ నువ్వే, ఇయ్యాల కావాలనేదీ నువ్వేనా? నరం లేని నాలుకమ్మా నీది!" అని ఒక ముసలామె నన్ను వాకిట్లోనే కడిగేసినాది. సంఘపెద్దయితే మీ తాతని పిలిచి, నీ పెళ్ళాన్ని ఇంట్లో కూర్చోబెట్టుకో అన్నాడు. ఒకరిద్దరు మాత్రం తలొంచుకుని, "మేము కూడా తిన్నాం" అన్నారు మెల్లగా. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. ఆ ఏడు బలుసాకు కూడా దొరకలేదని అందరికీ తెలుసు.

నేను అడగడం మానలేదు, దొర మళ్ళా వచ్చినప్పుడు ఆమెని మళ్ళా నిలబెట్టినారు. సంఘపెద్ద ఆ కూర సంగతే ఎత్తినాడు.

"నా తప్పులు వేరే ఉండాయయ్యా, అవి అడగండి," అన్నాది ఒదిన. "ఈ మరదలి మీద పగ పెట్టుకోనుండాను. అది ముందు చెప్తాను."

అందరికన్నా ముందు ఆ ముసలామె చెయ్యి లేచింది. తర్వాత తక్కినోళ్ళవి. సంఘపెద్ద చెయ్యి కొంచెం ఆలస్యంగా లేచింది, కానీ లేచింది.

పెన్న కాడికి పోయినాం. నడుముల లోతు మడుగు చూసి దొర ముందు దిగినాడు. ఒదిన కొంగు బిగించుకుంటా నా వంక తిరిగినాది.

"ఏం మరదలా, నువ్వు గూడా ఇంకో తూరి మునగరాదా? ఒకసారి సరిపోయినట్టు లేదే నీకు!"

ఒడ్డున అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను, ముఖం మాత్రం మండిపోయినాది.

ఆమె మునిగి లేచి వస్తా ఉంటే, ఒండ్రులో కాలు జారినాది. నేను నీళ్ళలోకి దిగినాను. నా భుజం పట్టుకున్నాది, గోళ్ళు దిగేటట్టు పట్టుకున్నాది. క్షమించినానని అనలేదు, ఆ తర్వాత కూడా ఏనాడూ అనలేదు.

"జారతాది. గట్టిగా నిలబడు" అన్నాది.

నిలబడినాను.