చిన్నాయన చిచ్చుబుడ్లు

శుక్రవారం మా దుకాణంలోకి ఊదు పొగ వేసే తాత రాగానే నా కళ్లు నీళ్ల బకెట్ కోసం వెతుకుతాయి. ఎనిమిదేళ్లప్పుడు పడిన అలవాటు.

ఆ దీపావళికి చిచ్చుబుడ్లు ఇంట్లోనే చేస్తానని మా చిన్నాయన మిర్యాలగూడలో మా వాడకట్టంతా చెప్పుకున్నాడు. చేయడం అదే మొదటిసారి. వరండా మూలన చాటలో మందు పెట్టి, చుట్టూ తడి గోనెసంచులు పరిచాడు. అగ్గిపెట్టెలన్నీ పక్కింటికి పంపించాడు. నన్ను బకెట్ దగ్గర కూర్చోబెట్టి, "బిడ్డా, పొగ కనవడితే ఎవరని సూడకు, నీళ్లు కుమ్మరియ్యి" అన్నాడు.

పొద్దుగూకుతుండగా నాయనమ్మ, ప్రతి శుక్రవారంలాగే, నిప్పుల మీద ఊదు వేసి గదిగదికీ పొగ పట్టిస్తూ వరండాలోకి వచ్చింది. నేను ఎవరని చూడలేదు.

"పండుగ తానం రెండు దినాల ముందే పోసినవా పిల్లా!" అని నాయనమ్మ తడి చీరతో కేకేసింది.

చిన్నాయన ఉరికొచ్చాడు. చాట మీద చుక్క పడలేదు. ఆరిన నిప్పుల్ని, చాటని మార్చి మార్చి చూశాడు. బకెట్‌లో మిగిలిన నీళ్లు తనే చాటలో గుమ్మరించి, "అయ్యో, మందంత తడిసిపాయె! ఇగ కొనుక్కొస్త తియ్యి" అని వీధికి వినబడేలా అరిచాడు.

నా మీద కోపంతోనే పోశాడనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. వాడకట్టంతా చెప్పుకున్నాక, భయమైతుందని ఏ మొహంతో చెప్తాడు పాపం! వారం రోజులుగా మెతుకు సయించని మనిషి, ఆ పూట మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.