కరెంటు కారూ, మా బావ రేంజూ

మా అక్క స్కూలు టీచరు. బోగోలు మండలంలో, సముద్రపు గాలి తగిలే ఊళ్లో కాపురం. మొన్నటి బదిలీల్లో ఆమెను వెంకటాచలం అవతల ఒక స్కూలుకి వేశారు. అంటే ఇల్లు నెల్లూరుకి ఇవతల, ఉద్యోగం అవతల. మధ్యలో రెండు బస్సులూ, ఒక ఆటో, ఆ ఆటో నిండేదాకా ఎదురుచూపూ. ఆమె చేరేసరికి ప్రార్థన అయిపోయి ఉండేది. హెడ్మాస్టరు మంచివాడు, ఏమీ అనేవాడు కాదు. గడియారం వంక చూసి నవ్వేవాడు. ఆ నవ్వు కంటే మెమో ఇచ్చినా బాగుండునని అక్క అనేది.

బావది చేపల వ్యాపారం. పడవలొచ్చే రేవు వదిలి నెల్లూరులో కాపురం పెట్టడం ఆయన వల్ల కాదు. కాబట్టి అక్క వారమంతా నెల్లూరులో గది తీసుకుని ఉండాలి, లేదా ఉద్యోగం మానెయ్యాలి. ఇంకో దారి కారు. ఆ దారికి అడ్డంగా క్లచ్ ఉంది.

అక్కకి లైసెన్సు ఉంది. అందులోని ఫొటోలో చాలా ధైర్యంగా కనిపిస్తుంది. బావ డీజిల్ వ్యాను మీద రేవు రోడ్డులో నేర్చుకుంటున్న రోజుల్లో ఆ వ్యాను ముందుకి పోవడం కంటే ఎగరడమే ఎక్కువ. వెనక ట్రేల్లో చచ్చిన చేపలు కూడా లేచి కూర్చునేవని బావ ఇప్పటికీ చెబుతాడు. క్లచ్ వదిలితే బండి ఆగిపోతుంది, వదలకపోతే కదలదు. "ఇది బండా, మా అత్తా?" అని ఒకరోజు తాళం బావ చేతిలో పెట్టి దిగిపోయింది. అత్త అప్పుడు అరుగు మీదే కూర్చుని ఉంది.

సరిగ్గా ఇలాంటప్పుడు నెల్లూరులో హైవే పక్కనున్న ఒక షోరూము నుంచి నాకు ఫోనొచ్చింది. కరెంటుతో నడిచే చిన్న సెడాన్, ఇంకా మార్కెట్లోకి రాలేదు, ఆదివారం ప్రివ్యూ, ఫ్యామిలీతో రండి అన్నారు. నేను కారు కొనే మనిషిని కానని వాళ్లకి తప్ప అందరికీ తెలుసు. ఎప్పుడో లక్కీ డ్రా డబ్బాలో నంబరు వేసిన పాపం. దానికి క్లచ్ ఉండదట అని అక్కకి చెప్పాను.

"ఏ పూట రా?" అంది.

నన్ను వెంటబెట్టుకుపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను ఫిజిక్స్‌లో పీజీ చేశాను. చేసేది బ్యాంకులో ఉద్యోగమే అయినా, మిక్సీ దగ్గర్నుంచి పిడుగు దాకా కరెంటు సంగతులన్నిటికీ మావాళ్లు నా అభిప్రాయం అడుగుతారు. వినరు, అది వేరే విషయం.

బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దిగాడు. నెల్లూరులో ప్రివ్యూ అంటే సినిమాకే అని ఆయన లెక్క.

"లోపల ఏసీ ఉంటాదా అబ్బయా?" అన్నాడు.

ఉంటుందన్నాను. ఆ మాట అబద్ధం కాదు.

షోరూములో కారు మీద పట్టుగుడ్డ కప్పి ఉంచారు. పాట పెట్టి, గుడ్డ లాగారు. చప్పట్లు కొట్టాం. చూస్తే కారులాగానే ఉంది. టై కట్టుకున్న సేల్స్ ఆయన ముందుకొచ్చి, "ఇది రాజుల కారు కాదు సార్, రోజుల కారు. రోజూ ఆఫీసుకీ స్కూలుకీ పొయ్యేవాళ్ల కోసం" అన్నాడు. అక్క ఆ మాటకి ఒక అడుగు ముందుకేసింది.

చేప కొనేవాడు ముందు మొప్పలెత్తి చూస్తాడు. బావ అలవాటు కొద్దీ బానెట్ ఎత్తమన్నాడు. లోపల ఇంజను ఉండాల్సిన చోట సామాన్లు పెట్టుకునే చిన్న తొట్టి ఉంది.

"పేగులన్నీ ముందే తీసేసినారే," అన్నాడు మెచ్చుకోలుగా. తర్వాత వెనక్కి పోయి డిక్కీని జానలతో కొలవడం మొదలెట్టాడు.

"దీంట్లో ఐసు పెట్టె ఎక్కించినావో, నేను బస్సుకే పోతా," అంది అక్క.

"ఊరికే చూస్తా ఉండానులేమ్మే," అని బావ చేతులు దులుపుకుని సేల్స్ ఆయన వైపు తిరిగాడు. "ఏమయ్యా, మా వైపు ఉప్పుగాలికి ఇనప గేట్లే రాలిపోతాయి. ఇది ఆగుతాదా?"

బ్యాటరీలోకి గాలి కూడా దూరదని ఆయన చెప్పాడు.

"తుఫానొచ్చి కరెంటు పోతే?"

"పెట్రోలు బంకులో పంపు కూడా కరెంటు మీదే కదా సార్!"

బావ ఓడిపోయినప్పుడు సెల్ ఫోను చూసుకుంటాడు. చూసుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. సేల్స్ ఆయన ఉత్సాహంగా, "ఇంతకీ మీ రేంజ్ ఎంతుంటుంది సార్?" అన్నాడు.

మా వైపు రేంజ్ అంటే అంతస్తు. పెళ్లిలో ఎవరిని ఏ వరసలో కూర్చోబెట్టాలో తేల్చేది అదే. ఎదుటి మనిషిని నీ రేంజ్ ఎంత అన్నామంటే తగాదాకి కొబ్బరికాయ కొట్టినట్టే.

"నా రేంజ్ అడగతా ఉండావా? మా రేవులోకొచ్చి అడుగు, చెప్తారు!" అన్నాడు బావ.

"అది కాదు సార్. మా కారు రేంజ్ మీకు సరిపోద్దో లేదో చూద్దామని."

"ఏందీ?"

"భయం లేదు సార్, చాలామందికి మా రేంజ్ ఎక్కువైపోతుంది కూడా!"

బావ నా వైపు తిరిగాడు. "విన్నావా అబ్బయా, నేను వీళ్ల కారుకి చాలనంట. పద పోదాం."

అర్థం విడమరిచి చెప్పాల్సింది నేనే. కానీ నవ్వు బిగబట్టిన నోటితో ఫిజిక్స్ చెప్పడం కష్టం. బావ అద్దాల తలుపు తోసుకుని బయటికి నడిచాడు. ఆయన అలిగి ఇంటికి పోతే ఈ ఏడాదికి కారు మాట ఎత్తే వీలుండదు. నెల్లూరులో గదులు వెతకడమే మిగులుతుంది.

బయట, నడిపి చూడటానికి పెట్టిన కారులో స్టీరింగు ముందు అక్క అప్పటికే కూర్చుని ఉంది.

"ఎక్కు," అంది.

"నేనెక్కను."

"అయితే ఈడే ఎండలో ఉండు. నేను స్కూలు దాకా పోయొస్తా."

లోపల ఏసీ ఉంది. బావ వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్నాడు, పక్కన నేను. సేల్స్ ఆయన ముందు కూర్చున్నాడు, బెల్టు రెండుసార్లు లాగి చూసుకుని. అక్క బటన్ నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. లేదు. ఇంకోసారి నొక్కి, చెవి ఒగ్గి వింది.

"స్టార్టు కాలా," అంది నీరసంగా.

"రేంజ్ ఉంది కదా, స్టార్టింగ్ ఎందుకు!" అన్నాడు బావ.

"మేడమ్, మొదటిసారికే స్టార్టయింది. రెండోసారి మీరే ఆపేశారు. ఇప్పుడు మళ్లీ ఆన్‌లోనే ఉంది."

"మరి అయినట్టు చెప్పొద్దా?" అని అక్క కారునే కోప్పడింది, క్లాసులో పిల్లల్ని అడిగినట్టు.

కదిలాం. అక్క ఎడమ కాలు కాసేపు క్లచ్ కోసం తడుముకుంది. దొరక్కపోయేసరికి ఊరుకుంది. హైవే ఎక్కాక నేను నోరు తెరిచాను.

"బావా, ఒకసారి చార్జింగ్ పెడితే బండి ఎంత దూరం పోతుందో దాన్ని రేంజ్ అంటారు. ఆయన అడిగింది నువ్వు రోజుకి ఎంత తిరుగుతావని."

బావ కాసేపు కిటికీలోంచి లారీల్ని చూశాడు.

"దూరం అని చెప్పి చావొచ్చు గదా," అన్నాడు. ఇంకొంచెం ఆగి, గొంతు తగ్గించి, "బోగోలు నుంచి స్కూలుకొచ్చి, మళ్లా పొయ్యేదానికి చాలుతాదా?" అన్నాడు.

"మిగుల్తుంది సార్," అన్నాడు సేల్స్ ఆయన. రేంజ్ అనే మాట జోలికి ఆయన మళ్లీ పోలేదు.

ఆదివారం కాబట్టి స్కూలు గేటు మూసి ఉంది. దాని ముందు రోడ్డు సన్నం. అక్కడ బండి తిప్పాలి. బావ ముందు సీటుని రెండు చేతులా పట్టుకున్నాడు, రాబోయే కుదుపు కోసం. అక్క కాస్త వెనక్కి, కాస్త ముందుకి, మళ్లీ వెనక్కి పోనిచ్చింది. కారు తిరిగింది. కుదుపు రాలేదు. బావ చేతులు ఇంకాసేపు అలాగే ఉంచి, తర్వాత మెల్లగా ఒళ్లో పెట్టుకున్నాడు.

అక్క గేటు వైపు చూసి, "ఇట్టా వస్తే ప్రార్థన నేనే చేయించొచ్చు," అంది.

షోరూముకి తిరిగొచ్చాక సేల్స్ ఆయన బుకింగ్ మాట ఎత్తాడు. బావ చెయ్యి అడ్డం పెట్టి, పక్కకి పోయి ఎవరికో ఫోను చేశాడు. ఊళ్లో ఎలక్ట్రీషియన్‌కని మాటల్ని బట్టి తెలిసింది.

"వరండాలో పెద్ద ప్లగ్గు ఒకటి బిగించాలబ్బయా... ఐసు మిషనుకి కాదు... మోటారుకీ కాదయ్యా... మీ టీచరమ్మ స్కూలుకి పొయ్యేదానికి... ఆఁ, ప్లగ్గుతోనే పోతాది, నువ్వు రా చెప్తా."

"సార్, కారు రావడానికి ఇంకా టైముంది," అన్నాడు సేల్స్ ఆయన.

"ఉండనీ," అన్నాడు బావ. "ఉప్పుగాలి కదా, వైరు మంచిది వెయ్యాల."