రెడ్‌ను వదలని వేలు

మొన్న ఆదివారం మనవరాలు ఫోనులో ఏదో ఆట ఆడుతూ, ఓడిపోతూ, మళ్లీ మొదలుపెడుతూ అన్నం సంగతే మరిచిపోతే, గెలిస్తే మాత్రం ఏమొస్తుందని మా అబ్బాయి దాని మీద విరుచుకుపడ్డాడు. నాకు ఒళ్లు మండింది. ఏమీ రాదు కనుకనే దాన్ని ఆట అంటారు, ఏదైనా వస్తే ఉద్యోగమంటారు అని వాడి నోరు మూయించాను. వాడి తల్లినైన నేనే ఒకప్పుడు ఆట కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకున్నానని వాడికేం తెలుసు!

అరవైల చివర్లో నాంపల్లి స్టేషను దగ్గర ఒక ఆఫీసులో నేను టెంపరరీ టైపిస్టుని. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మూశాక వెనక గదిలో అరగంట సేపు మగవాళ్లు క్యారమ్స్ ఆడేవారు. చీర కొనుక్కుందామని ఆబిడ్స్ వెళ్లిన నేను స్ట్రైకరు కొనుక్కొచ్చి, ఎవరూ పిలవకపోయినా వెళ్లి బోర్డు ముందు కూర్చున్నాను. అందులో ఏముండేదో మన కాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు. బోరిక్ పౌడరు చల్లి గురి చూస్తున్నంతసేపు ఇంట్లో అత్తగారు గానీ, టేబుల్ మీది కాగితాల కట్ట గానీ నాకు గుర్తుండేవి కావు. కాయ గుంటలో పడితే సరే, అంచున ఆగిపోతే ఇంకా హాయి, మళ్లీ కొట్టాలి కదా!

అయితే మా ఆఫీసులో ఒక మర్యాద ఉండేది. సూపరింటెండెంటు గారు ఆటకు కూర్చుంటే రెడ్ కాయ ఆయనదే. ఎంత చెయ్యి తిరిగినవాళ్లైనా దాన్ని కావాలనే తప్పించి కొట్టి, అయ్యో అని నాలుక కరుచుకునేవారు. ఆయన అదంతా తన ప్రతాపమే అనుకుని మీసం దువ్వుకునేవారు. నన్ను పర్మినెంటు చేసే ఫైలు ఆయన సంతకానికి వెళ్లిన వారంలోనే ఆయన ఎదుట కూర్చునే వంతు నాకొచ్చింది. రెడ్ చూస్తే మూల గుంట పక్కనే ఉంది. హెడ్ క్లర్కు నా వెనక వంగి, "అమ్మా, జర సోంచాయించి కొట్టు, నీ ఫైలు సారు కాడనే ఉన్నది" అని గొణిగాడు. అబద్ధమెందుకు, తప్పించి కొట్టాలనే కూర్చున్నాను. వేలు వింటే కదా! రెడ్ పడింది, వెంటనే దాన్ని నాకు దక్కించే కవరు కాయా పడింది. ఆయన లేచి వెళ్లిపోయారు. ఫైలు ఏడాది పాటు కదలలేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన తల పట్టుకున్నారు.

"గా ఒక్క కాయ ఇడిసిపెడితే ఏం పోతుండె?"

"ఆట పోతుండె," అన్నాను.

ఎప్పుడు తీసేస్తారోనని ఆ ఏడాదంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని టైపు కొట్టాను. భయపడ్డాను గానీ, చేసింది తప్పని ఏనాడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

ఇప్పుడు మా అపార్టుమెంటులో సాయంత్రాలు బోర్డు వేస్తారు. చేయి వణికి సగం దెబ్బలు గురి తప్పుతున్నా రోజూ నేనే గెలుస్తుంటే, నా పనితనమే అనుకుని మురిసిపోయాను. పోయిన వారం పక్కింటి పిల్ల నా కాయకు దారి ఇస్తూ తన కాయను పక్కకు కొట్టడం నా కంటపడింది. పెద్దదాన్నని ప్రేమతోనే చేసింది, పాపం. అయినా ఉక్రోషం ఆగక కాయలన్నీ కలిపేసి, మళ్లీ పేర్చమన్నాను. అందరూ నా చేతిలో ఓడిపోవడానికి వస్తున్నారు గానీ, నాతో ఆడడానికి ఒక్కరూ రావడం లేదు.