నెమలికంఠం కారుకి పథ్యం

మంగళగిరి నేతపేటలో సామ్రాజ్యం కారుకి అందరూ పెట్టిన పేరు బొల్లావు. పుట్టుకతో అది తెల్లటి మారుతి కారే. ఏళ్ల తరబడి ఎండలో నిలబడి నిలబడి పైకప్పు పెచ్చులు లేచింది. తలుపుల అంచులకి తుప్పు పట్టింది. గీసుకుపోయిన చోటల్లా ఎవరెవరో పూసిన రకరకాల తెలుపులు అతుకుల బొంతలా తేలాయి. ఎవరేమన్నా సామ్రాజ్యం పట్టించుకునేది కాదు. ఆ కారే ఆమెకి అంగడి.

అంతకుముందు చాలాకాలం ఆమె చీరల మూట నెత్తిన పెట్టుకుని బస్సుల్లో తిరిగింది. సత్తెనపల్లి వైపు మిరప కళ్లాలు, వినుకొండ వైపు పత్తి చేలు, ఎక్కడ ఆడకూలీలు పదిమంది ఉంటే అక్కడ మూట విప్పేది. మోకాళ్లు మొరాయించాక, ఉద్యోగం అయిపోయి ఊరు మారుతున్న ఒక మాస్టారి దగ్గర ఆ పాత కారు కొనేసింది. యాభై దగ్గరపడ్డాక స్టీరింగ్ పట్టుకున్న ఆడమనిషి ఆ పేటలో ఆమె ఒక్కతే. నేర్చుకునే రోజుల్లో స్కూలు మైదానంలో గోల్‌పోస్టుని ఒకసారి పడగొట్టింది కూడా.

ఆమె భర్త పానకాలు మాత్రం ఆ కారెక్కనే లేదు. "నా కాళ్లు మగ్గం గుంటలో ఉంటేనే నాకు క్షేమం," అనేవాడు. నేసేది ఆయన, అమ్మేది ఆమె. తాను నేసిన చీర ఎవరి ఒంటి మీదికి వెళ్తుందో ఆయన ఎన్నడూ చూసి ఎరగడు.

కళ్లం దగ్గర కారాపి, బానెట్ మీద చీరలు పరిచి చూపించడం సామ్రాజ్యం అలవాటు. ఒకరోజు అలా పరిచిన గంధం రంగు చీరకి బానెట్ తుప్పు అంటుకుంది. ఎంత ఉతికినా మరక పోలేదు. ఆ కోపంలో తిన్నగా సత్తెనపల్లి వెళ్లి, గౌస్ బాషా పెయింటు షెడ్డు ముందు కారాపింది.

"ఏ రంగు వేయమంటావక్కా? తెలుపేనా?" అన్నాడు బాషా.

సామ్రాజ్యం సంచీలోంచి చిన్న గుడ్డముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. పానకాలు ఆ మధ్యే నేసిన చీరలో ముక్క. "ఇదిగో, ఈ నెమలికంఠం."

బాషా ఆ గుడ్డని నీడలో చూశాడు, ఎండలో చూశాడు. నీడలో నీలం, ఎండలో పచ్చ. "కారుకి చీర రంగేంటక్కా!" అంటూనే డబ్బాలు తెరిచాడు. కలిపిన రంగుని రేకుముక్క మీద కొట్టి చూపించాడు. "ఇది నెమలి కాదు, రామచిలక," అంది సామ్రాజ్యం. మళ్లీ కలిపాడు. "ఇది సిరా." మళ్లీ కలిపాడు. పక్కన టైర్ల కొట్టువాళ్లు, ఎదుటి టీ బడ్డీవాళ్లు కూడా వచ్చి, ఇది నెమలా కాదా అని తగవు వేసుకున్నారు. చివరికి ఒక రేకుముక్క చూసి అందరూ నెమలేనని ఒప్పుకున్నారు. బాషాకే ముచ్చటేసి, "నా పెళ్లి షేర్వానీ కూడా ఇంత బాగాలేదక్కా," అన్నాడు.

కారు తయారైందని కబురు వచ్చిన రోజు సామ్రాజ్యం షెడ్డులోకి అడుగుపెట్టి, "నా కారేదీ?" అంది. కళ్ల ముందే ఉంది. పైన అద్దంలాంటి పూత. దాని మీద ఆమె మొహం, వెనకాల బజారు, బజారులో పోతున్న గేదె, అన్నీ కనిపిస్తున్నాయి. సంతోషంతో ఆమెకి నవ్వాగలేదు. కారు చుట్టూ తిరుగుతూ నవ్వుతూనే ఉంది. చెయ్యి చాపబోతే బాషా గబుక్కున అడ్డొచ్చాడు.

"అక్కా, ముందు నా మాట విను. ఇది పైకి ఆరింది గానీ లోపల ఇంకా పచ్చిగానే ఉండిద్ది. బాలింత లెక్క. ఒక నెల పథ్యం చెయ్యాలి."

"చెప్పు, చేస్తా."

"సబ్బు వద్దు, షాంపూ వద్దు. పాలిషు అసలే వద్దు, రంగులో కలిపిన మందు ఆవిరైపోవాలి, పాలిషు పూస్తే దానికి దారి మూసినట్టే. కవరూ కప్పొద్దు. దుమ్ము పడితే ఒట్టి గుడ్డతో తుడవమాక, గీతలు పడతయ్. మంచినీళ్లు పోసి మెత్తగుడ్డతో అద్దు. చెట్టుకింద పెట్టొద్దు, జిగురు కారిద్ది. కాకి రెట్ట వేసిందా, ఆ క్షణమే నీళ్లు పోసి నాననిచ్చి తియ్యి. ఎండకి మాడితే రంగుని తినేసిద్ది."

"మరి పూజ? పసుపు కుంకుమ పెట్టొద్దా?"

"టైర్లకి పెట్టుకో. వాటికేం కాదు."

ఇంటికి వెళ్లే దారి ఆమెకి ఊరేగింపే అయింది. ముందు లారీ ఉంటే గులకరాళ్లు ఎగురుతాయని ఆగిపోయేది. వెనక లారీ వస్తే దారిచ్చేది. మిరప బస్తాల ట్రాక్టర్లు దాటిపోయాయి, ఆటోలు దాటిపోయాయి, పేరేచర్ల దగ్గర సైకిల్ మీద పాలవాడు కూడా దాటిపోతూ, "ఆయిలైపోయిందా అమ్మగారూ?" అని అడిగాడు. పత్తి లారీ వదిలిన దూది పింజలు వచ్చి బానెట్ మీద వాలితే, నోటితో ఊదడానికి రెండుసార్లు దిగింది.

నేతపేటలో సంబరం చెప్పనక్కర్లేదు. మగ్గాలు ఆపి మరీ వచ్చారు. "చేతులు వెనక్కి! చేతులు వెనక్కి కట్టుకుని చూడండి!" అని సామ్రాజ్యం కేకలు. అందరూ కొత్త పెళ్లికూతురిని చూసినట్టు చేతులు వెనక్కి పెట్టుకుని చూశారు.

పానకాలు అందరికన్నా వెనక వచ్చాడు. కారుకేసి చూశాడు. దగ్గరికొచ్చాడు. వంగి చూశాడు. "ఇది నా నెమలికంఠమే కదే," అన్నాడు. ఇంట్లోకి వెళ్లి, వాన పడితే మగ్గం మీద కప్పే పెద్ద పట్టా ఒకటి మోసుకొచ్చాడు.

"అది కప్పకూడదండీ! దానికి గాలాడాలి."

"మంచు కురిస్తేనో?"

"కురవనీ."

"కాకులొస్తేనో?"

దానికి పానకాలే జవాబయ్యాడు. మర్నాటి నుంచి మగ్గం దగ్గర పనిచేస్తూ మధ్యమధ్య లేచి వచ్చి ఆకాశం చూసేవాడు. చెంబుతో నీళ్లు కిటికీలో సిద్ధంగా ఉండేవి. మొదటి రెట్ట పడ్డప్పుడు ఆయన పెట్టిన కేకకి, ఎవరికో ఏదో అయిందని ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. చూస్తే పానకాలు ఎడంచేత్తో పంచె ఎగ్గట్టి, కుడిచేత్తో బానెట్ మీద సన్నగా నీళ్లు ధారకడుతూ, "కంగారు పడకండి, నానుతోంది," అంటున్నాడు.

సామ్రాజ్యం మళ్లీ చీరలకు బయల్దేరిన రోజున, ఆయన చెంబుతో సహా వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"మగ్గం గుంటలో ఉంటేనే క్షేమమన్నారు?"

"రెట్ట పడితే నీళ్లు పోసేదెవరు? నువ్వు బేరాల్లో పడి చూసుకోవు. పద."

సత్తెనపల్లి దాటాక మరియదాసు అనే రైతు కళ్లం ఉంది. కనుచూపు మేర నేలంతా ఎర్రగా పరిచిన మిరపకాయలు. గాలి వీస్తే చాలు, తుమ్ములు. రంగు వెలిసిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు కారుని చూసి లేచి నిలబడ్డారు. వాళ్ల ముఠాకి పెద్ద వెంకటరావమ్మ, ఆమె మామూలుగా మాట్లాడినా రెండు పొలాల అవతలికి వినిపించే గొంతు.

"ఏందక్కా! బొల్లావుని అమ్మేశావా?"

"అమ్మలేదే! దానికే చీర కట్టా!"

ఆడవాళ్లు నవ్వుతూ కారు మీదికి వచ్చేశారు. అలవాటు కొద్దీ వెంకటరావమ్మ ఒక చీర అందుకుని బానెట్ మీద పరచబోయింది. పానకాలు ఒక్క దూకులో వెళ్లి కారుకి అడ్డంగా రెండు చేతులూ చాపాడు.

"ఆగమ్మా! పథ్యంలో ఉంది!"

"ఎవరూ? అక్కా?"

"కారు!"

కళ్లమంతా ఘొల్లుమంది. తుమ్ములూ నవ్వులూ కలిసిపోయి ఎవరు తుమ్ముతున్నారో ఎవరు నవ్వుతున్నారో తెలియలేదు. మరి చీరలు చూపించడం ఎలా? అందరూ బోరింగు దగ్గర చేతులు కడుక్కొచ్చారు. ఇద్దరిద్దరు చెరో కొంగు పట్టుకుని చీర చాపి నిలబడ్డారు. వాళ్లలో చిన్నది గుల్షన్. ఆ యేడే కొత్తగా కూలికి వస్తోంది. ఆ పిల్ల ఒక నిమ్మపండు రంగు చీర భుజాన వేసుకుని ఇటు తిరిగేసరికి, కారు తలుపులో తన రూపం నిలువెత్తున కనిపించింది. "అమ్మో!" అని అక్కడే ఆగిపోయింది.

"ఏందే?"

"నేనే! నిలువెత్తున కనబడుతున్నా!"

ఇక చూసుకోండి. కళ్లంలో నిలువుటద్దం ఎక్కడుంటుంది? ఇన్నేళ్లూ చీర చేత్తో పట్టుకుని చూసి కొన్నవాళ్లే గానీ, కట్టుకుంటే ఎలా ఉంటుందో చూసుకుని కొన్నవాళ్లు లేరు. పాత చీర మీదే కొత్త చీర చుట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు తలుపు ముందుకి వచ్చి, పక్కకి తిరిగి, వెనక్కి తిరిగి, కొంగు విసిరి, నడుము మీద చెయ్యి పెట్టి చూసుకున్నారు. వెంకటరావమ్మ అయితే పచ్చ చీరలో వచ్చి తనని తాను కాసేపు చూసుకుని, "ఈమె ఎవరో గానీ బాగానే ఉందే," అంది.

పానకాలు చెంబు పట్టుకుని నిలబడినవాడు నిలబడినట్టే ఉండిపోయాడు. ఆ నిమ్మపండు రంగు అంచు వేసేటప్పుడు తన వెన్నుకి నొప్పి. ఆ పచ్చది పోగులు తెగి రెండుసార్లు అతికించిన చీర. అవన్నీ ఇప్పుడు నడుస్తున్నాయి, తిరుగుతున్నాయి, నవ్వుతున్నాయి.

"ఇదెవరు నేశారక్కా?" అని అడిగింది గుల్షన్.

సామ్రాజ్యం చెప్పేలోపే పానకాలు బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. "నేనేనమ్మా!"

సరిగ్గా అప్పుడే పడమట ఉరిమింది. మార్చిలో ఎవరూ పిలవని వాన. మరియదాసు తల పట్టుకుని కేకలు పెట్టాడు. "కాయలు! కాయలు కుప్పెయ్యండర్రా!" చీరలన్నీ కార్లోకి విసిరేసి అందరూ పారలూ చీపుర్లూ పట్టుకున్నారు. సామ్రాజ్యం కూడా కుచ్చిళ్లు దోపి పరిగెత్తింది. కాయలు కుప్పలైతే అయ్యాయి గానీ, ఒక కుప్పకి పట్టా చాలలేదు. చినుకులు మొదలయ్యాయి. పానకాలు డిక్కీ తెరిచి మగ్గం పట్టా బయటికి లాగాడు.

"వద్దన్నా తెచ్చారా దాన్ని!" అంది సామ్రాజ్యం పరిగెడుతూనే.

"తిట్టడం తర్వాత, ఆ కొస పట్టుకో!"

కుప్ప మీద పట్టా పడటమూ కుండపోత మొదలవడమూ ఒకటే అయ్యాయి. అందరూ బోరు షెడ్డు చూరు కింద ఒకరినొకరు ఆనుకుని నిలబడి, వానలో ఒంటరిగా తడుస్తున్న నెమలికంఠం కారుని చూశారు. సామ్రాజ్యం గబగబా బాషాకి ఫోన్ చేసింది.

"తమ్ముడూ! బాలింత వానలో తడిసిపోతోంది!"

"ఉత్త వానకేం కాదక్కా. ఎండ తగిలేలోపు చుక్కలు అద్దెయ్. ఆరితే మచ్చలు పడతయ్. మెత్తటి గుడ్డ కావాలి. రుద్దొద్దు!"

వాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగానే ఆగిపోయింది. మబ్బు చివర ఎండ తొంగిచూస్తోంది. కారులో ఉన్న మెత్తగుడ్డ ఒక్కటే. కూలీల తలగుడ్డల నిండా కారం. కొత్త చీరలకేమో గంజి గరుకు. అందరూ అటూ ఇటూ చూసి, చివరికి పానకాలు పంచె వైపు చూశారు. ఏళ్లుగా ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన పంచె.

"ఏంటి, నన్నెందుకు చూస్తున్నారు?" అన్నాడు పానకాలు.

మరియదాసు షెడ్డులోంచి తన లుంగీ ఒకటి తెచ్చి నవ్వాపుకుంటూ అందించాడు. పానకాలు మిరప కుప్ప వెనక్కి వెళ్లి గళ్ల లుంగీలో బయటికొచ్చాడు. సామ్రాజ్యం పంచెని పర్రున చింపి అందరికీ తలో ముక్క ఇచ్చింది. కారు చుట్టూ చేరి, పసిపిల్ల చెంప తుడిచినట్టు, ఒక్కొక్క చుక్కనే అద్దారు. "రుద్దమాకే! అద్దు!" అని ఒకరినొకరు గదమాయించుకున్నారు. వెంకటరావమ్మ గొంతు ఆ రోజు మొదటిసారి రహస్యంలా వినిపించింది, గట్టిగా మాట్లాడితే రంగు అదురుతుందేమో అన్నట్టు. ఎండ వచ్చేసరికి కారు మీద ఒక్క చుక్క లేదు. ఆ మెరుపులో పట్టాలు తీసిన కుప్పల ఎరుపంతా తేలింది.

నెల గడిచాక బాషా తన చేతులతో పాలిషు పట్టి, పథ్యం బాగా చేశారని మెచ్చుకున్నాడు. అది తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మాత్రం, ఖాళీ అయిన చీరల సంచులు వెనక సీట్లో దొర్లుతుంటే, వాన కడిగిన రోడ్డు మీద కారు నింపాదిగా పోతోంది. గళ్ల లుంగీలో పానకాలు కిటికీలోంచి మొహం బయట పెట్టి గాలి తాగుతున్నాడు.

"మళ్లీ ఎప్పుడు వెళ్తావు?" అన్నాడు.

"శుక్రవారం. వినుకొండ వైపు."

"అక్కడ కూడా ఇట్టాగే కట్టుకుని చూసుకుంటారా?"

"అద్దం ఉంటే ఎవరైనా చూసుకుంటారు. అయినా మీకెందుకు? మగ్గం మీద చీర సగంలో ఉంది కదా?"

పానకాలు కాళ్లు బారజాపి, సీటు వెనక్కి వాలాడు.

"మగ్గం ఎక్కడికీ పోదులే."